తిట్టు మాత్రం వినపడింది

ప్రియమైన నాన్నా,

ముందు నీ మీద కోపం తీర్చుకుని, తర్వాత కబుర్లు. నేను ఫోన్ చేస్తే ఎందుకెత్తవు? మోగీ మోగీ దానికే విసుగొచ్చి ఆగిపోతోంది. మొన్న ఎలాగో ఎత్తావు. అక్కడ వాన పడుతోందా అని అడిగితే "ఆఁ, తినేశాను, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. నీ ధ్యాస ఎక్కడుందో నీకే తెలియాలి.

సరే, అసలు సంగతి. మా బస్టాండులో మైకు మీద బస్సులు చెప్పే అక్క పురిటికి వెళ్తోంది. నిన్న నేను పార్సిళ్ళ గదిలో చీటీలు అంటిస్తుంటే, ఒక పెట్టె వేరే బస్సెక్కిపోతోంది. గుమ్మంలోంచే "ఓయ్, ఆ పెట్టె దించు!" అని ఒక్క కేక పెట్టాను. ఆవరణకి అవతలి చివరనున్న డ్రైవరూ క్లీనరూ ఆగిపోయారు. వాళ్ళ వెనక నడుస్తున్న కుక్క కూడా ఆగిపోయింది. అది మేనేజరు గారు విన్నారు. మైకు కొన్నాళ్ళు నన్ను చూసుకోమన్నారు. ఆ అక్క తిరిగొచ్చాక ఆఫీసు పనికి మారతానంటోందట, నేను బాగా చేస్తే ఆ కుర్చీ నాకే ఇచ్చేస్తారట.

నా బొంగురు గొంతు సంగతి నీకు తెలుసుగా. బళ్ళో పాటల టీచరు అందరి ముందూ నన్ను ఆపి, "నువ్వు పాడకు, పెదాలు ఆడించు చాలు" అంది. ఆ రోజు నుంచీ నేను ఎక్కడున్నా పెదాలే ఆడిస్తున్నాను నాన్నా. కొట్లో సరుకు కావాలన్నా వేలు పెట్టి చూపిస్తాను. పార్సిళ్ళ గది నాకెందుకిష్టమో తెలుసా? పెట్టెలు పలకరించవు. అలాంటి నేను మైకులో మాట్లాడితే ఊరంతా నవ్విపోతుంది. ఆ అక్క వెళ్ళేలోపు వద్దని చెప్పేస్తాను. నా వల్ల కాదు.

నీ మీద కోపం ఇంకా తీరని
నీ చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండింది. ఆ టీచరు నిన్ను పాడొద్దంది, సరే. మాట్లాడొద్దని ఎప్పుడంది? ఆవిడ ఏదో ఒక పూట నోరు జారితే, ఆ మాటని నువ్వు ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకుని మోస్తున్నావు. ఆవిడ మాత్రం అదెప్పుడో మర్చిపోయి హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ నీ గొంతు తన పుట్టింటిదని ఆమె, కాదు మా వాళ్ళదని నేను, ఒకటే పోట్లాట. పనికిరానిదైతే దానికోసం ఎవరైనా పోట్లాడతారటే? నా చేతులు చూడు, మా వర్క్‌షాపులో నీళ్ళ ట్యాంకులకి రేకు కొట్టీ కొట్టీ చెక్కలా తయారయ్యాయి. అందంగా ఉన్నాయా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ట్యాంకు కారుతోందా లేదా, అదొక్కటే అడుగుతారు. నువ్వూ అంతే. ఏ బస్సు, ఎక్కడుంది, ఎప్పుడు కదులుతుంది, ఇవి చెప్పు. పాటెవడికి కావాలి?

ఫోన్ సంగతా? ఫోన్లో మాట గాల్లో కలిసిపోతుంది, ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. నా ఇష్టం నాది, విసిగించకు.

ఇంకో మాట. మా అమ్మాయి మైకు ముందు కూర్చుంటోందని ఇక్కడ అందరికీ చెప్పేశాను. మా యజమానికి, టీ కొట్టాయనకి, చివరికి నన్నేమీ అడగనివాళ్ళకి కూడా. ఇప్పుడు నువ్వు వద్దంటే నేను తలెత్తుకు తిరగలేను. ఆపైన నీ ఇష్టం.

ముందే మీసం మెలేసి కూర్చున్న
మీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

నీ పరువు కాపాడదామని వెళ్ళి, నా పరువు కూడా పోగొట్టుకొచ్చాను.

మైకు గదంటే మెట్ల కింద చిన్న గాజు గది. కుర్చీ, మైకు, గోడ మీద బస్సుల వేళలు, అంతే. ఆ అక్క ఎలా మాట్లాడేదో గుర్తు చేసుకుని, గొంతు బాగా సన్నం చేసి, తేనె పూసినట్టు "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెట్టాను. నాన్నా, పిల్లి తోక తొక్కినట్టుంది! బెంచీల మీద పెద్దవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుతున్నారు. రెండోసారి ఇంకా సన్నం చేశాను. దగ్గొచ్చింది. జనం తేరుకునేలోపు బస్సు వెళ్ళిపోయింది.

ఏడుపొచ్చేసింది నాకు. కుర్చీలో వెనక్కి వాలి, మామూలు గొంతుతో, "ఛీ, పాడు గొంతు! మొద్దు మొహమా, నీకు మైకు కావాల్సొచ్చిందే! పోయి పెట్టెలకి చీటీలు అంటించుకో!" అని నన్ను నేనే ఉతికి ఆరేసుకున్నాను.

మైకు కట్టెయ్యలేదు నాన్నా.

బస్టాండంతా ఒకటే నవ్వులు. తల కొట్టేసినట్టయింది. ఇంతలో ఒక పెద్దావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ కిటికీ దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఇందాక సన్నగా గీపెట్టింది ఎవరమ్మా? ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. తర్వాత ఎవరో ఎవర్నో తిట్టారు చూడు, ఆ తిట్టు మాత్రం అక్షరం పొల్లు పోకుండా వినపడింది. ఆ తిట్టినావిడనే బస్సులు చెప్పమను" అంది.

వేళాకోళమే అయ్యుంటుంది. ఈ వారం ఎలాగో నెట్టుకొచ్చి, మేనేజరు గారిని బతిమాలుకునైనా పార్సిళ్ళ గదికి వెళ్ళిపోతాను.

నవ్వులపాలైన
నీ చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

నీ తిట్లు చదివి నవ్వలేక చచ్చాను. కానీ ఆ పెద్దావిడ మాట దగ్గర ఆగిపోయాను. అది వేళాకోళం కాదే. నాకు వివరంగా రాయి. ఆవిడ ఎంత దూరంలో కూర్చుంది? అప్పుడు బస్సుల చప్పుడుందా? అక్షరం పొల్లు పోలేదని ఆవిడే అందా, నువ్వు కలిపావా?

పెట్టెల దగ్గరికి పోవడానికి వీల్లేదు. ఒక్క రోజు ఆ తిట్టిన గొంతుతోనే బస్సులు చెప్పి చూడు. తిట్లు మాత్రం వద్దులే. అప్పటికీ కుదరకపోతే మానెయ్యమని నేనే చెబుతాను.

ఇక్కడ కబుర్లేమీ లేవు. మా యజమాని నన్ను ఫోర్‌మన్‌గా ఉండమన్నాడు. వద్దన్నాను. కుర్రాళ్ళకి పని చెప్పాలి, వాళ్ళు అడిగినవాటికల్లా జవాబివ్వాలి, నా వల్ల ఎక్కడవుతుంది? నా రోజులు అయిపోయాయి. ఒక మూల కూర్చుని రేకు కొట్టుకుంటే చాలు. నా సంగతి వదిలెయ్, నీ సంగతి చూడు.

నీ జవాబు కోసం ఎదురుచూసే
మీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

చెప్పాను! నా గొంతుతోనే చెప్పాను!

మొదటి బస్సుకే గొంతు సన్నం చెయ్యడం మానేశాను. "వంతెన మీదుగా వెళ్ళే బస్సు చివరి ప్లాట్‌ఫారం మీదుంది, ఇప్పుడే కదులుతుంది, రండి." అంతే అన్నాను. బెంచీల మీద ముసలివాళ్ళు అందరికంటే ముందు లేచారు! రోజూ వాళ్ళు పక్కవాళ్ళని గోకి గోకి "ఏమన్నారు, ఏమన్నారు" అని అడుగుతూ ఉండేవాళ్ళు. ఆ రోజు వాళ్ళే పక్కవాళ్ళకి చెప్పారు.

ఆ పెద్దావిడ గురించి అడిగావుగా. ఆవరణకి ఆ చివర కూర్చుందట, బస్సుల రొదలోనే విందట. అక్షరం పొల్లు పోలేదన్నది ఆవిడ మాటే, నేనేమీ కలపలేదు. మేనేజరు గారి భార్య చెవుల ఆసుపత్రిలో నర్సు. ఆవిడ చెప్పింది, వయసు మీద పడ్డా, చప్పుళ్ళ మధ్య పని చేసినా ముందు సన్నటి శబ్దాలే పోతాయట. బరువైన గొంతు చాలాకాలం వినపడుతుందట. ఆ కుర్చీ ఇక నాదేనని మేనేజరు గారు కాగితం ఇచ్చేశారు. కుర్రాళ్ళు ఒకరిద్దరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వుకోనీ, బస్సైతే ఎక్కుతున్నారు.

ఇప్పుడు నీ వంతు. నీ రోజులు అయిపోయాయా? నాకు అన్ని సుద్దులు చెప్పి, నువ్వు పోయి మూల కూర్చుంటావా? అంత పనితనం చేతిలో పెట్టుకుని వద్దనడానికి నీకేం వచ్చింది? కారణం రాయి. కుంటిసాకులు రాస్తే ఊరుకోను.

మైకు గదిలోంచి
నీ చిట్టి

*

ప్రియమైన నాన్నా,

జవాబు లేదు. మళ్ళీ రాశాను, దానికీ లేదు. నేను ఎక్కువ మాట్లాడానా? ఒంట్లో బాగుందా? ఈ వారం సెలవు దొరకగానే బయల్దేరి వచ్చేస్తాను.

కంగారుతో
చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

బయల్దేరకు. నేనే అక్కడికి వచ్చి వెళ్ళాను.

నీ మీద కోపమేమీ లేదు. నువ్వు కారణం రాయమన్నావు, రాయడానికి చేతులు రాలేదు, అంతే. ఇప్పుడు రాస్తున్నాను, కంగారు పడకు. నా చెవులు పోయాయే. ఒక్కసారిగా కాదు, రేకు దెబ్బలకి మెల్లమెల్లగా. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు తెలియనే లేదు, నీ మాట వినపడేది కదా. నువ్వు ఉద్యోగానికి వెళ్ళాకే తెలిసింది, మిగతా లోకమంతా నా ముందు పెదాలే ఆడిస్తోందని. ఫోన్లో నీ గొంతు కూడా సన్నబడిపోయి ఒక్క ముక్క తెలియదు. అందుకే ఎత్తను. నీకు చెబితే ఉద్యోగం మానేసి వచ్చేస్తావని భయం. చెవిటివాడిని ఎవరు లెక్క చేస్తారులే అనుకుని, నేనే నన్ను లెక్కలోంచి తీసేసుకుని మూలకి చేరాను.

నువ్వు రాసిన ముసలివాళ్ళ సంగతి చదివాక ఉండబట్టలేదు. మొన్న పొద్దున వచ్చి, నీ గాజు గదికి దూరంగా చివరి బెంచీ మీద కూర్చున్నాను. ఇంజన్లూ జనమూ కలిసి నాకు ఒకటే హోరు. ఆ హోరులోంచి నువ్వు మాట్లాడావు. ఏ బస్సో, ఎక్కడుందో, ఎప్పుడు కదులుతుందో, అంతా వినపడింది తల్లీ. ఏడ్చేశాను, దాచడమెందుకు. పని మధ్యలో నిన్నూ ఏడిపించడం ఎందుకని లోపలికి రాలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే చెవుల ఆసుపత్రికి వెళ్ళాను. మిషన్ పెడతారట. మా యజమానితో ఫోర్‌మన్ పని నేను చేస్తానని చెప్పాను. కుర్రాళ్ళు అడిగేది వినపడకపోతే ఎలా అని కాగితం మీద రాసి చూపించాడు. "నా ఎదురుగా నిలబడి, గొంతు బరువుగా పెట్టి, నిదానంగా అడగమని నేర్పుతాను. రేకు కొట్టడమే నేర్పినవాణ్ణి, ఇది నేర్పలేనా?" అన్నాను. ఈ సోమవారం నుంచి నేనే ఫోర్‌మన్‌ని.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం మన ఊరి బస్సు నువ్వే చెప్పావు. ఎక్కలేదు. తర్వాతి బస్సు కూడా నువ్వే చెబుతావుగా అని కూర్చున్నాను. అదీ వదిలేశాను. పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, వెళ్ళిపోతున్న బస్సు వైపూ పైనున్న మైకు వైపూ చెయ్యి చూపించి ఏదో అడిగాడు. వినపడటం లేదా అని కాబోలు. నేను ఆయన వైపు వంగి, చాలా మెల్లగా, ఆయనకి మాత్రమే వినపడేలా, "ఆ మాట్లాడేది మా అమ్మాయి" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. బెంచీల మీదవాళ్ళు, టికెట్ల వరసలోవాళ్ళు, బస్సుల కిటికీల్లోవాళ్ళు, అందరూ తిరిగి నా వైపు చూశారు. గాజు గదిలో నీకు వినపడినట్టు లేదు, తల వంచుకుని వేళలు చూసుకుంటున్నావు. ఎంత గట్టిగా అన్నానో నాకేం తెలుసు! సిగ్గేసింది. కానీ వాళ్ళంతా నవ్వుతూ నా వైపే చూస్తుంటే ఆగలేక, ఇంకోసారి అన్నాను.

ఇట్లు,
మైకు గదిలో అమ్మాయి నాన్న