పాకిందన్న మాట

నెల్లూరు,
ఆదివారం.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

నీవు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి ఉబ్బసం ఈ చలికి ఎలా ఉన్నదో తప్పక వ్రాయి. నేను కులాసాయే, బెంగపడవద్దు. కర్నూలు ఎండలో పెరిగినవాణ్ణి, ఈ ఉప్పుగాలికి ఇంకా అలవాటు పడలేదు. మైక్రోస్కోపు కింద చూడటానికి గడ్డలను పలచగా కోసే నా కత్తికి రోజూ నూనె పూయకపోతే తుప్పు పడుతుంది. చేపల పులుసు మాత్రం రెండోసారి వడ్డించుకుంటున్నాను.

అయితే ఈ వారం అన్నం సయించలేదు. విడవలూరు నుంచి కరుణమ్మ అనే పంతులమ్మ వచ్చింది. నిరుడు ఆమెకు రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను జరిగింది. ఇప్పుడు రెండో చంకలో గడ్డలు. పెద్ద డాక్టరు తడిమి, "జబ్బు పాకింది" అని వ్రాశారు. రెండో డాక్టరు అదే మాట దింపాడు. మూడో సంతకం నాది. గడ్డ ముట్టుకోకుండానే పెట్టాను. క్యాన్సరు పెరగకుండా అండాశయాలు తీసివేయడానికి రోజు నిర్ణయమైంది. ఆమె అప్పటికే ఐదేళ్ల కూతుర్ని బిట్రగుంటలో చెల్లెలికి పెంపకానికి అప్పగించి వచ్చింది.

వార్డులో నన్ను ఆపి అడిగింది: "అయ్యా, నువ్వు చూసి చెప్పినావా, వాళ్లు చెప్తే చెప్పినావా?"

పట్టుబట్టి రెండు గడ్డలు తీయించి చూశాను. క్యాన్సరు కణం ఒక్కటీ లేదు. చుట్ట చుట్టుకొని ఫైలేరియా పురుగు ఉన్నది. బోదకాలు తెచ్చే పురుగే.

పెద్ద డాక్టరుకు చూపిస్తే, "పోనీలేవయ్యా, కొయ్యకముందే తెలిసింది గదా" అని కాఫీ తెప్పించారు. ఆ కాఫీ నాకు వెగటయింది. వార్డు వెనక దోమలు ముసిరే మురుగుగుంట ఉన్నది. దానికంటె ఆ కాగితమే నాకు రోత. అందులో నా సంతకం మరీ రోత.

సంగతి కరుణమ్మకు చెప్పాను. విని నవ్వింది. "పాకింది పాకింది అన్నారు గదయ్యా. నిజంగానే పాకేది ఉండాదన్నమాట."

పురుగుకు మాత్రలు మొదలుపెట్టాను. క్యాన్సరు ఎన్నటికీ తిరిగి రాదని మాట ఇవ్వలేదు. మూడు నెలలకొకసారి చూపించుకొమ్మన్నాను.

"మా చెల్లెలు నా మాట నమ్మదు. పిల్లని తెచ్చుకోవాల, తెలుగులో రాసియ్యి" అన్నది. "పాకలేదు" అని వ్రాసి, ఈసారి చూసినవాడిగా సంతకం చేశాను.

నా పాత దోమతెర ఎవరి చేతనైనా పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఆశీస్సులతో పాటు నాకొక చీవాటు కూడా వ్రాయి. అది నీవు పెడితేనే నాకు తగులుతుంది.

నీ తమ్ముడు.