ఒక్క గొంతుకు లైసెన్సు కోరుతూ

సాఫ్ట్‌వేర్ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి కంప్యూటరు లోపల ఉన్న ఇంకొక కంప్యూటరుకు, మా స్తోమతకు తగిన ధరలో ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు ఇప్పించుట గురించి.

దర్జీ పని చేసుకొను నేను భయభక్తులతో మనవి చేసుకొనునది ఏమనగా (భక్తి సంగతి ఎలా ఉన్నా, ప్రస్తుతం భయమే ఎక్కువగా ఉన్నది):

1. నా భర్త బస్సు కండక్టరు. జబ్బు చేసి గొంతుకు ఆపరేషను చేసినందున మాట పోయినది. అంతకుముందే ఆసుపత్రివారి సలహాపై ఆయన తన మాటలను రికార్డు చేసి ఉంచినారు. ఆయన టైపు చేసినది ఒక ప్రోగ్రాము ఆ గొంతుతోనే పలుకును. సదరు ప్రోగ్రాము పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప నడవదు. దానిని చేసిన కంపెనీ మూతబడినది. మా పాత కంప్యూటరు చెడిపోగా, రిపేరు షాపు అతను కొత్తదాని లోపల సాఫ్ట్‌వేరుతోనే ఇంకొక కంప్యూటరు తయారుచేసి, అందులో ఆ పాత సిస్టమ్ పెట్టినాడు. దీనినే వర్చువల్ మెషిన్ అందురట. కంటికి కనబడదు, మాట మాత్రం వినబడును.

2. దీనికి విడిగా లైసెన్సు కావలెనట. లైసెన్సు లేకుండా వాడుకొను గడువు తీరినందున గంటకొకసారి తనంతట తానే ఆగిపోవుచున్నది. మావారు నన్ను కోప్పడుచుండగా ఆగిపోయిన సందర్భములు కూడా కలవు. మొదట్లో నవ్వుకున్నాము. ఇప్పుడు గంట దగ్గరపడుతుంటే సూదిలో దారం ఎక్కడం లేదు. ఏదో ఒకరోజు అసలు తెరుచుకోనని కూడా తెర మీద వస్తోంది.

3. లైసెన్సు అమ్మే కంపెనీ వారిని అడుగగా, యాభై మెషిన్లకు తక్కువ ఇవ్వమన్నారు. అయ్యా, నాకున్నది ఒక్క మొగుడు. మిగతా నలభై తొమ్మిదితో నేనేం చేసుకోను?

4. లైసెన్సు ధరలో గృహ రాయితీ కొరకు తమ కార్యాలయమునకు పోగా, కౌంటరు గుమాస్తా గారు "మెషిన్ చూపించాలమ్మా, రూలు" అన్నారు. మరునాడు పెట్టె చంకనెత్తుకుని పోయినాను.

"దీనికి లైసెన్సు ఉందిగా. రెండోది ఏది?"

"దీని లోపలే ఉందండి."

"అయితే బయటికి తీసి చూపించండి."

ఆయన హాస్యమాడడం లేదు. వెనక వరుసలో వాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

5. వేరే ప్రోగ్రాములో వేరే గొంతు దొరుకుతుంది కదా అన్నారు గుమాస్తా గారు. దొరికింది, పెట్టి చూశాము. వార్తలు చదివేవాడి గొంతు. అది "తలుపు వెయ్యి" అనగానే పరాయి మగాడు ఇంట్లో దూరినట్టనిపించి కొంగు సర్దుకున్నాను. వెంటనే తీసేయించాను.

6. షాపు అతను నా బాధ చూడలేక, మెషిన్‌ను గడువు తీరకముందున్న స్థితికి వెనక్కి తిప్పినాడు. మళ్ళీ గడువు తీరేదాకా కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకున్నాము. కానీ ఈమధ్య మావారు దానికి నేర్పిన మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అక్షరం అక్షరం అతికించి నేర్పిన మనవరాలి పేరు పోయింది. మా అమ్మాయి "నాన్నా, పాపని పిలువు" అంటే మెషిన్ ఏదో వికారంగా పలికింది. పాప జడుసుకుని తల్లిని కరచుకుపోయింది. ఇలా తిప్పడం నేరమట, పెట్టె జప్తు చేస్తారట. గుమాస్తా గారు చెప్పినప్పటి నుంచి వీధిలో బండి ఆగితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. నేరమైతే నన్ను తీసుకుపొండి. పెట్టె మాత్రం ముట్టుకోకండి.

కావున ఒక ఇంటికి, ఒకే మెషిన్‌కు సరిపడు లైసెన్సును మాబోటి వాళ్ళు కొనగలిగే ధరకు ఇప్పించుటకై, ఈ మొరను కొంచెము తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కండక్టరు భార్య

తా.క.: అయ్యా, కవరు అంటించబోతుంటే మావారు "పాలు పొంగుతున్నాయి, చూడు" అన్నారు. పొయ్యి ఆపి వచ్చేసరికి తెర నల్లబడింది. గంట అయిపోయిందనుకున్నాం. మళ్ళీ తెరుచుకోలేదు. లైసెన్సు వస్తే తప్ప ఇక తెరుచుకోదని షాపు అతను చెప్పి వెళ్ళాడు. మావారు కాగితం మీద రాసి చూపించారు: "ఆఖరిదని తెలిస్తే పాల సంగతి ఎత్తేవాణ్ణి కాదు."

మరి ఏమనేవారు, రాయండి అన్నాను. రాయనని తల అడ్డంగా ఊపి, పెట్టె వైపు చూపించారు.

త్వరగా చూడండయ్యా.