ప్రఫిట్ గారి టైరు సలహాలు

హార్లన్, కెంటకీ
జూలై 12, 1982

పీచ్ పళ్ళ ఐడెల్ అమ్మగారికి, లూరీన్ సైజ్‌మోర్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నా దస్తూరీ కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులు కూడా చాలా ఉంటాయి, మన్నించాలి. ఆరో తరగతి తరవాత తమ్ముళ్ళని చూసుకోవడానికి ఇంట్లోనే ఉండిపోయాను. చదివాక ఈ కాగితాన్ని దయచేసి పొయ్యిలో పడేయండి. మీకు రాస్తున్నట్టు మా ఆయన డెల్బర్ట్‌కి తెలియదు.

నేనెవరో గుర్తు రాకపోతే, కొండ దిగగానే మీ పళ్ళ పందిరి ఎదురుగా టైరు పేలిన తెల్ల ట్రైలర్ మాది. మూడేళ్ళుగా ప్రతి వేసవిలోనూ అక్కడే పేలుతోంది. మొదటిసారి మీరు నిమ్మరసం ఇచ్చారు. రెండోసారి కుర్చీ వేశారు. ఈసారి పొయ్యిలోంచి అప్పుడే తీసిన తియ్యటి పీచ్ కాబ్లర్ గిన్నెడు పెట్టారు. మూడుసార్లూ సిగ్గుతో నాకు నోరు పెగల్లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. చాలా సంతోషం అమ్మగారూ.

మా బొగ్గు గనికి వేసవిలో రెండు వారాలు సెలవు. మా లోయలో అందరూ మంచాలూ పొయ్యీ ఉన్న ట్రైలర్లు కార్లకి తగిలించుకుని సముద్రానికి పోతారు. వీపులు కమిలిపోయి, గవ్వల సంచులతో వస్తారు. మేం మాత్రం మీ పందిరి దాకా వచ్చి వెనక్కి పోతాం. స్టెప్నీ కూడా ఆ టైర్ల ఈడుదే, దాన్ని నమ్మి ముందుకు వెళ్ళలేం. సముద్రం చూపిస్తానని పెళ్ళిరోజు డెల్బర్ట్ మాటిచ్చాడు. చర్చిలో ఆడవాళ్ళు "ఈసారైనా చూశావా?" అంటారు. "దగ్గర దాకా వెళ్ళాం" అంటాను. ఆ మాట చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

టైర్ల తప్పేమీ లేదు, గాట్లు ఇంకా కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, తప్పంతా ఆ కొండదే అంటాడు డెల్బర్ట్. మొదటి ఏడాది నన్ను ఎండలో వదిలి, నీళ్ళకోసమని రోడ్డవతల చర్చికి వెళ్ళి, అక్కడ నీడలో రొట్టె తిని తీరిగ్గా వచ్చిన మనిషి ఆయన. కొండని అనడం తేలికే.

ఇట్లు,
లూరీన్

తా.క. మీ కాబ్లర్ గిన్నె కంగారులో మా ట్రైలర్లో వచ్చేసింది. మేం దొంగలం కాము. ఖాళీ గిన్నె తిరిగిచ్చే ఇంటిదాన్ని కూడా కాను.

*

దక్షిణ కరోలినా, కొండ కింద
జూలై 20

అమ్మాయ్ లూరీన్,

జూలైలో పొయ్యి రాజేసి నన్ను కూడా అందులోనే పడమంటావా? నీ ఉత్తరాన్ని పిండి డబ్బాలో దాచాను. నీ రాత నాకు బాగానే అర్థమైంది. మా పాస్టరు గారి రాతకంటే నయం.

కొండకేమీ దయ్యం పట్టలేదు. నలభై ఏళ్ళుగా దాని కిందే ఉన్నాను. అది చెడ్డదే అయితే ముందు నా సంగతి చూసేది.

మా ఆయన రాయిస్ ఈ పందిరి పక్క షెడ్డులోనే టైర్లు బాగుచేసేవాడు. ఆయన ఇనప కడ్డీ ఒక కొస పడితే రెండో కొస నేను పట్టేదాన్ని. ఆయన పోయి ఆరేళ్ళయింది. షెడ్డులో ఇప్పుడు బుట్టలు పెట్టుకుంటున్నాను. అయినా పేలిన టైరు కంటపడితే ఊరుకోలేను. మీ ఆయన విప్పి పడేసినది చూశాను. అది కారు టైరు. లోపల కూర్చున్నవాళ్ళ నడుములు నొప్పి పుట్టకుండా కారు టైరు పక్కల్ని మెత్తగా చేస్తారు. ట్రైలర్లో కూర్చునేది ఎవరు? మంచాలూ గిన్నెలూను. మలుపు తిరిగినప్పుడల్లా ఆ బరువంతా మెత్తటి పక్కల మీద పడి నలుగుతుంది. ట్రైలర్ కోసమే చేసినవి వేరే ఉంటాయి, పక్కలు గట్టిగా ఉంటాయి. అవి వేయించండి.

ఇంకోటి. గాట్లు చూసి టైరు వయసు కట్టడమంటే, రంగేసిన జుట్టు చూసి పెళ్ళికొడుకు వయసు కట్టడమే. ఏడాదంతా ఎండలో నిలబడ్డ టైరు అరగదు. లోలోపల ఎండిపోతుంది. పక్కల్లో సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో చూడు. అక్కడే ఉన్న అక్షరాల వరస చివర మూడంకెలు ఉంటాయి. ఆఖరి అంకె అది పుట్టిన ఏడాది. చూసి రాయి.

ఐడెల్ ప్రఫిట్

తా.క. గిన్నె పంపకు. సముద్రానికి వెళ్ళేటప్పుడు తెచ్చివ్వు.

ఇంకో తా.క. కవరు మీద రాయిస్ పేరు చూసి జడుసుకోకు. దుకాణానికని అచ్చు వేయించినవి పెట్టెడు మిగిలాయి. పారేయడానికి చేతులు రావడం లేదు.

*

హార్లన్
సెప్టెంబర్ 5

ఐడెల్ అమ్మగారికి నమస్కారాలు. రాతకి మళ్ళీ మన్నించండి.

మీ ఉత్తరం డెల్బర్ట్ చేతిలో పడింది. కవరు మీద 'రాయిస్ ప్రఫిట్, టైర్లు, పంచర్లు' అని ఉందిగా. "టైర్ల ఆసామి నీకు ఉత్తరం రాశాడేంటి? చదువు విందాం" అన్నాడు. "నువ్వే చదువుకో" అన్నాను. "కళ్ళలో బొగ్గు పొడి పడిందే, నువ్వే చదువు" అని కుర్చీలో వెనక్కి వాలాడు.

పైకి చదవడం మొదలుపెట్టాను. రాయిస్ గారు పోయారన్న చోటికొచ్చేసరికి, ఆ ముక్క పైకి చదవలేక దాటేశాను. పైనున్న నా ఉత్తరం సంగతీ, కింద మీ పేరూ కూడా దాటేశాను. ఇప్పుడు ఆ ఉత్తరం మీ ఆయన రాసినట్టే అయింది. దిద్దుదామనుకున్నాను గానీ, అప్పటికే డెల్బర్ట్ గుడ్డ తీసుకుని టైర్లు తుడిచి చూడ్డానికి బయటికి వెళ్ళాడు. ఆడమనిషి చెప్పిందంటే ఆ గుడ్డ మళ్ళీ కింద పెట్టేస్తాడేమోనని నోరు మూసుకున్నాను.

ఆఖరి అంకె నాలుగు. మా పెళ్ళికంటే ఆ టైర్లు అయిదేళ్ళు పెద్దవి. ఒకటి పేలినప్పుడల్లా వాళ్ళ మామయ్య కొట్టంలో పడి ఉన్నవాటిలోంచే ఇంకోటి తెస్తాడు. పక్కల్లో పగుళ్ళు కూడా ఉన్నాయి.

డెల్బర్ట్ ఇలా అడగమన్నాడు: "కొండ ఎక్కేసరికి టైర్లు కాలిపోతుంటాయి. పేలకుండా ఉండాలని పైన ఆగి కొంచెం గాలి తీసేస్తాను. అది మంచిదే కదా? ప్రఫిట్ గారిని నిదానంగానే రాయమను. ఆయన ఉన్నచోట ఆయనకి తొందరేముంటుందిలే."

ఈ ఉత్తరాన్ని మాత్రం తప్పకుండా కాల్చేయండి. ఇందులో అబద్ధం ఉంది.

లూరీన్

తా.క. మీరు కాస్త మగవాళ్ళ ధోరణిలో రాయగలరా?

*

కొండ కింద
సెప్టెంబర్ 14

ఏమయ్యా సైజ్‌మోర్,

వేడెక్కిన టైరులో గాలి తీసేవాడు, దాహంతో ఉన్న గుర్రం ముందునుంచి తొట్టి లాగేసేవాడు ఒకటే. గాలి తగ్గితే టైరు ఇంకా నలుగుతుంది. నలిగినకొద్దీ ఇంకా కాగుతుంది. కొండపైన నువ్వు గాలి తీస్తున్నావు, కొండ కింద అది పేలుతోంది. నీకింకా దయ్యం ఎవరో తెలియలేదా? అద్దంలో చూసుకో.

పొద్దున్నే, చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకముందు గాలి చూడు. టైరు మీద ఎంత రాసి ఉంటే అంత నింపు. తరవాత వాల్వు ముట్టుకోకు. పాత టైర్లు పీకెయ్. స్టెప్నీ కూడా. సామానుతో సహా ట్రైలర్‌ని బొగ్గు లారీల కాటా మీద పెట్టించు, అటు చక్రం విడిగా, ఇటు చక్రం విడిగా. తోలేటప్పుడు నిదానంగా తోలు. సముద్రం ఎక్కడికీ పోదు.

చక్రం విప్పేటప్పుడు మోకాలి కింద మడతపెట్టిన గుడ్డ వేసుకో.

ఆర్. ప్రఫిట్

(లూరీన్, ఈ చిన్న చీటీ నీకు మాత్రమే. చదివి కాల్చేయి, నాకు సిగ్గుగా ఉంది. మగాడిలా రాయడం ఎంత తేలికో ఇప్పుడే తెలిసింది. 'దయచేసి' తీసేస్తే చాలు. ఐ.)

*

హార్లన్
మే 22, 1983

ఐడెల్ అమ్మగారికి,

చాలా సంగతులున్నాయి, రాతని పట్టించుకోకండి.

ట్రైలర్‌ని గని కాటా మీద పెట్టించాం. కాటా గుమాస్తా నవ్వాడు. ఎడమ చక్రం మీద బరువు కుడిదానికంటే బాగా ఎక్కువుంది. పేలేది ఎప్పుడూ ఎడమదే కదా! మంచం కింద వెతికితే అయిదు గోతాల బొగ్గు దొరికింది. "ఇదేంటి?" అన్నాను. "బీచిలో మంట వేసుకోడానికి. అక్కడ బొగ్గు దొరుకుతుందో లేదో" అన్నాడు. "వెచ్చగా ఉంటుందని పోతున్న చోటికి బొగ్గెందుకయ్యా?" అన్నాను. "మరి నీ చిక్కుళ్ళ సీసాల సంగతి?" అన్నాడు. "అవి కుడివైపున్నాయి, నిన్ను కాస్తున్నవి అవే" అన్నాను. గుమాస్తా ఇంకా నవ్వాడు. అంతమంది మగవాళ్ళ ముందు నేను అన్నేసి మాటలు అన్నానని ఇంటికొచ్చాక గాని తెలియలేదు. గోతాలు ఇప్పుడు మా వంటింటి గుమ్మం పక్కనున్నాయి.

టైర్ల విషయంలో కూడా వాదించాను. "ప్రఫిట్ గారు అన్నారు" అని మొదలుపెట్టి, చివరికి "నేనంటున్నాను" దగ్గర తేలాను. శనివారాలు కూడా గనిలో దిగి మూడూ కొనేశాడు. అచ్చంగా ట్రైలర్‌వే. పాతవి పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. తెల్లరంగు వేసి ముంగిట్లో పెట్టి పెటూనియా మొక్కలు నాటాను. ఇప్పుడవి ఎంత పగిలినా ఫరవాలేదు.

వచ్చే వేసవికి గని ఉంటుందో లేదో అంటున్నారు. అందుకే ఈసారి చూడకపోతే ఇంకెప్పుడో తెలియదు.

ఇక అసలు ప్రమాదం. డెల్బర్ట్ మీ ఆయనకని పొగాకు పొట్లం పంపుతున్నాడు, ఇందులోనే ఉంది. దారిలో ఆగి ఆయనకి స్వయంగా కృతజ్ఞతలు చెప్పి తీరాలట. "వేళ తప్పుతుందేమో" అన్నాను. "అంతటి మనిషిని పలకరించకుండా పోతే ఎలా?" అన్నాడు. ఏం చేయమంటారు?

మీ లూరీన్

తా.క. "ప్రఫిట్ గారున్న చోట వేడిగా ఉంటుందా?" అని అడిగి, తనే "ఛ, అలాంటి మంచి మనిషిని వేడిలో ఎందుకుంచుతారులే" అన్నాడు. ఏమిటో ఆయన మాటలు!

*

కొండ కింద
జూన్ 3

అమ్మాయ్ లూరీన్,

పొగాకు అందింది. పిండి డబ్బాలో నీ ఉత్తరాల పక్కన పెడితే రొట్టెలన్నీ అదే వాసన. పొట్లాన్ని నీకే తిప్పి పంపుతున్నాను, ఏం చెప్పి ఇస్తావో నీ ఇష్టం.

మా మరిది ఓటిస్‌ని రాయిస్‌లా నిలబెడదామా అని ఒక పూట ఆలోచించాను. వాడు జన్మలో చక్రం విప్పి ఎరగడు. మీ ఆయన ఒక్క ప్రశ్న వేస్తే కింద పడిపోతాడు. రాయిస్‌కి జ్వరమని చెబుదామనుకున్నాను. పోయినవాడికి జ్వరం తెప్పించడానికి మనసొప్పలేదు.

నిజం చెప్పేద్దాం. నేనే చెబుతాను. కోపం వస్తే నా మీదే రానీ. నా భయమల్లా ఒకటే. ముసల్ది చెప్పింది విన్నానా అని రోషపడి, పూలమొక్కలు పీకి పాత టైర్లు మళ్ళీ తగిలిస్తాడేమో. అప్పుడు నీ సముద్రం ఏం కాను?

ఇక మీ టైర్లు పేలవు. నా పందిరి దగ్గర ఆగాల్సిన అవసరమూ ఉండదు. మంచిదే. అయినా కుర్చీ వేసే ఉంచుతాను.

ఐడెల్

తా.క. ఇది చదివి కాల్చేయి. మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను.

*

సముద్రపుటొడ్డు
జూలై 4, 1983

ఐడెల్ అమ్మగారికి, ఇసకలో కూర్చుని లూరీన్ రాస్తున్నది.

నిన్న మీ పందిరికి 'మూసివేశాం' అట్ట వేలాడింది. నిజం నేనే చెబుతానని రాసిన మీరు షెడ్డులో బుట్టల వెనక దాక్కున్నారని మా ఇద్దరికీ తెలుసు. మీ చెప్పులు బయటికే కనిపిస్తున్నాయి. పిలుద్దామనుకున్నాను. డెల్బర్ట్ వేలు పెదవి మీద పెట్టి వద్దన్నాడు. అందుకే మీరు చూడనిది చెబుతాను.

టైర్లని చేత్తో తడిమాడు. గోరువెచ్చగా ఉన్నాయంతే. తరవాత, 'స్వయంగా తెచ్చిమ్మన్నారు' అని నేను చెప్పి ఉంచిన పొగాకు పొట్లం ఇమ్మని, మీ షెడ్డు వైపు కాకుండా, రోడ్డు దాటి తిన్నగా చర్చి వెనక సమాధుల్లోకి నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను. ఒక రాయి ముందు నిలబడి టోపీ తీశాడు. పొట్లం దాని మీద పెట్టాడు. "చాలా సంతోషం ప్రఫిట్ గారూ. కొండ మీద వాల్వు ముట్టుకోలేదు" అన్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి ఏడాది ఈ రాయికి ఆనుకునే కదా రొట్టె తిన్నాను. పేరు చదవలేదనుకున్నావా?"

"మరి కళ్ళలో బొగ్గు పొడి?"

"ఆ ఒక్కరోజే పడింది."

"ఆయన లేడని తెలిసి నా చేత ఇన్ని ప్రశ్నలు రాయిస్తావా?" అని గట్టిగానే అరిచాను, సమాధుల మధ్య, దేవుడు మన్నించాలి.

టోపీ చేతుల్లో తిప్పాడు. "పెళ్ళయినప్పటినుంచీ అన్నం దగ్గర నువ్వు 'ఉప్పు వేయనా' అనే మాట తప్ప ఎరగవు. నా దగ్గర భయమేమో, నేనంటే ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి. ఆ ఉత్తరం చదివిన రోజు టైరు పక్కల గురించి ఆపకుండా మాట్లాడావు. ఆ మాటలు అయిపోకూడదని ప్రశ్నలు వెతుక్కున్నాను లూరీ" అన్నాడు. తరవాత నేల చూస్తూ, "గాలి సంగతి మాత్రం నిజంగానే తెలియక అడిగాను" అన్నాడు.

మళ్ళీ బండెక్కాక ఇక్కడికొచ్చేదాకా నేనే మాట్లాడాను. పాపం, ఇప్పుడు పడుకున్నాడు.

అమ్మగారూ, సముద్రం చూశాను. చెరువులాగా ఒకచోట ఉంటుందనుకున్నాను. అలా కాదు, అది వస్తూనే ఉంటుంది. మా గనిలో గాలి యంత్రంలా దాని చప్పుడు ఆగదు. పాదాలు తడిసేదాకా వెళ్ళి, పరుగెత్తి వెనక్కొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. వచ్చే ఏడాది గని ఉన్నా లేకపోయినా ఇది మాత్రం నా దగ్గరనుంచి ఎవరూ తీసుకోలేరు.

మీ గిన్నె పందిరిలో కుర్చీ మీద పెట్టాను. బ్లాక్‌బెర్రీ జామ్‌తో నింపాను. అది తినేసి గిన్నె కడిగి ఉంచండి. శనివారం తిరుగుదారిలో గవ్వలతో నింపాలి. టైర్లు పేలవు, అయినా ఆగుతాం. ఆ అట్ట తీసేసి బయట కూర్చోండి.

ఈ ఉత్తరాన్ని పిండి డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టండి.

మీ లూరీన్

తా.క. డెల్బర్ట్ నిద్ర లేచాడు. కింద రెండు ముక్కలు తను రాస్తాడట.

ప్రఫిట్ అమ్మగారూ, మగాడిలాగా చాలా బాగా రాశారు. నాకే నిజంగా అనుమానం వచ్చేది. కానీ మోకాలి కింద గుడ్డ వేసుకోమని రాసే టైర్ల ఆసామి ఈ భూమ్మీద లేడు. వేసుకున్నాను. హాయిగా ఉంది. డి.