కొరియా కోడలికి చలి

ప్రొద్దుటూరు,
శనివారం మధ్యాహ్నం

యశోదక్కా,

పులివెందుల ఎంత దూరమని, చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాస్తోంది, దీనికేమన్నా పిచ్చా అనుకుంటావు. ఫోనులో మాట్లాడాలంటే అత్తమ్మ మంచం పక్కనే కూర్చుని మాట్లాడాలి. ఆమె కాలు కదలదు కానీ చెవులు వీధి చివరిదాకా పోతాయి. అందుకే ఆమె కునుకు తీసే ఈ కాసేపట్లో రాస్తున్నాను.

నిరుడు వేసవిలో ఆమె పడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మా ఇద్దరికీ కొరియా సీరియళ్ళే కాలక్షేపం. మన సీరియళ్ళు చూస్తే ఆమెకు బీపీ లేస్తుంది. ఇప్పుడు చూస్తున్నదానికి తెలుగు లేదు. కింద ఇంగ్లీషులో మాటలు పడుతుంటే నేను చదివి తెలుగులో చెప్పాలి. బిస్కెట్ల కంపెనీ వాళ్ళ ఇల్లు, అందులో ఒక అత్త, ఒక కోడలు, ఒక కొడుకు.

అత్తమ్మ అభిప్రాయాలు వినాలక్కా! ఆ అత్తకు కోపమొస్తే గ్లాసెడు నీళ్ళు కోడలి మొహాన కొడుతుంది. "తాగే నీళ్ళు పారబోస్తాందే! ఎండాకాలం ఒక్క వారం ఈడికి తోలండి ఆమెను. ట్యాంకరు కాడ బిందె పట్టుకోని నిలబడితే తెలుస్తాది" అంటుంది ఈమె. వాళ్ళ ఎర్రెర్రటి కూరలు చూసి, "వీళ్ళు మన సీమోళ్ళేమే!" అని మురిసిపోయింది. పుల్లలతో తినడం మాత్రం నచ్చలేదు, "సంగటి పెడితే యాడ పోతాయో ఆ పుల్లలు" అంది. అందరికంటే ఆ కొడుకు మీదే మంట. "ఆడోళ్ళిద్దరూ కొట్టుకుంటాంటే దిష్టిబొమ్మ లెక్క నిలబడుకోనుంటాడే! వీన్ని ఎవురూ ఏమనరేందబ్బా?"

నవ్వొస్తుంది. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలని ఈమధ్యే తెలిసింది. అక్కా, నేను అలిసిపోయాను. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నం కలిపి పెట్టడం, ఇవేవీ పెద్ద పనులు కావు. ఎప్పుడు పిలుస్తుందోనని సగం నిద్రలో బతకడమే చేతకావడం లేదు. ఆమె చెడ్డది కాదు. చెడ్డదయితే కోపమన్నా తెచ్చుకుందును. నాలుగు రోజులు అక్క దగ్గర పడుకుని వస్తానని మీ మరిదితో ఒకసారి అన్నాను. "అమ్మనడుగు" అని చెప్పులేసుకుని బట్టలంగడికి వెళ్ళిపోయాడు. కదలలేని మనిషిని ఏమని అడగను?

ఇంకొకటి చెప్తాను, నవ్వకు. సీరియల్లో ఆ కోడలు మాటిమాటికీ 'నేను అలిసిపోయాను' అంటుంది. అది చదవడానికి నాకు నోరు రాదు. నా మాటే చెప్తున్నానని అత్తమ్మ అనుకుంటుందేమోనని భయం. మొదటిసారి కిటికీ బయట మంచు పడుతోంది కదా అని, 'చలేస్తోందంట అత్తమ్మా' అనేశాను. అప్పటి నుంచి ప్రతిసారీ అదే. పొయ్యి ముందు నిలబడి అన్నా చలే. "పాపం, ఆ బిడ్డకు ఒక రగ్గన్నా కప్పరాదా ఎవురన్నా!" అని అత్తమ్మ అరుస్తుంది.

లేచినట్టుంది, పిలుస్తోంది.

నీ నిద్రమొహం చెల్లెలు,
సుకన్య


ప్రొద్దుటూరు,
ఆదివారం

అక్కా,

అలసందలు నానబెట్టు, వడలు తిని చాలా రోజులైంది. రేపటి బస్సుకు వస్తున్నాను, ఈ ఉత్తరం ఈ సాయంత్రం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఈరోజు అంగడికి సెలవు, మీ మరిది ఇంట్లోనే పేపరు పట్టుకుని కూర్చున్నాడు. సీరియల్లో కోడలు సూట్‌కేసు సర్దుకుని ఇల్లు విడిచిపోయే ఘట్టం వచ్చింది. 'ఇక నావల్ల కాదు' అని కింద ఇంగ్లీషులో పడింది. నేను గబగబా, "చెల్లెలి పెండ్లికి పోతోందంట" అన్నాను.

"పెండ్లికి పోయే మొహమా అది?" అంది అత్తమ్మ. "నాకు సదువు రాదు గానీ కండ్లుండాయి. అది ఇల్లిడిసి పోతాంది."

తర్వాత టీవీ వైపు చూడలేదు, నన్నే చూసింది. "నువ్వు మీ అక్క కాడికి పోయి ఎన్నాళ్ళాయె?" అంది. "నాలుగు దినాలు పోయి రాపో" అంది.

మీ మరిది పేపరు దించి, "మరి నిన్నెవురు చూస్తారుమా?" అన్నాడు.

"నా కడుపున పుట్టినోడు ఒగడుండాల గదా, వాన్నడుగు. పొద్దున పక్కింటి రమణమ్మ వచ్చి నీళ్ళు పోసి పోతాది. కడమదంతా నువ్వు సూడు. లేకుంటే నువ్వు గూడా ఆ బిస్కెట్ల కంపెనీ కొడుకు మాదిరేనా?"

ఆయన మళ్ళీ పేపరు ఎత్తలేదు.

సంతోషపడాలి కదా, గుబులుగా ఉంది. కోపంతో పంపుతోందేమో, తిరిగి వచ్చాక ఆ ముఖం ఎట్లా ఉంటుందో. ఏమైనా శుక్రవారానికి వచ్చేస్తానని మాటిచ్చాను. ఇంకో రోజు ఉండమని బలవంతం చేయకు.

సుకన్య


ప్రొద్దుటూరు,
గురువారం

కోడలు సుకన్యకు అత్త లక్ష్మీదేవమ్మ చెప్పి రాయించేది. రాస్తాండేది నీ మొగుడు గోపీకృష్ణ. వాన్ని తిట్టిన కాడ అక్షరాలు వంకరపోతే నువ్వే సరిజేసి సదువుకో.

ఫోన్ జేస్తే 'బాగుండా అత్తమ్మా, రేపు వచ్చేస్తా' అంటావు. అందుకే రాయిస్తాండా. మన అంగట్లో పనిజేసే జావేదు వ్యానులో బట్టల మూటలేసుకోని పులివెందులకు వస్తాండాడు, వాని చేత పంపుతాండా.

నీ మొగుడు బాగనే చూస్తాండాడు. తల దువ్వరా అంటే సిక్కు తీయలేక సగం ఎంట్రుకలు పీకినాడు. సంగటి గెలికితే అన్నీ గడ్డలే. రెండో దినానికే నడుం పట్టుకోని కూసున్యాడు. 'ఇదంతా సుకన్య ఒగతే చేస్తాందామా?' అని అడిగినాడు. రాయరా, సిగ్గుపడేది ఏమీ లేదు.

సీరియలు ఇప్పుడు వాడే సదివి చెప్తాండాడు. మొదట్నుంచీ పెట్టమంటి. నీ మాదిరి కథ చెప్పేది వానికి రాదు, ఉండేది ఉన్నట్టు సదువుతాడు. నువ్వు చెప్పేటప్పుడు ఆ అత్త అప్పుడప్పుడన్నా కోడల్ని 'తిన్న్యావా' అని అడుగుతాండె. వీడు సదివితే ఒక్కసారి గూడా అడగలే. నువ్వే కలిపినావు గదా ఆ మాట? నేనన్నా నిన్ను అడిగినానా అని శానా ఆలోచన చేస్తి. గుర్తుకు రాలే.

ఆ పిల్ల పొయ్యి కాడ నిలబడుకోని ఏందో అనింది. 'చలంటాంది గదరా' అంటి. 'చలి కాదుమా, అలిసిపోయినా అంటాంది' అన్యాడు. మెట్ల మీద కూసోని అనింది. మంచం కాడ అనింది. అన్నిసార్లూ అదే మాటంట. వాడు సదువుతా సదువుతా నిలిపేసినాడు. టీవీ ఆపేయమంటి.

ఇన్నాళ్ళూ ఆ పిల్లకు రగ్గు కప్పండని అరుస్తాంటి. నువ్వు నా పక్కనే కూసోని ఇంటాంటివి. నాకు ఏడుపొచ్చింది సుకన్యా.

రేపు రావద్దు. వస్తివా, లేవలేని దాన్నయినా లేచి వచ్చి వాకిట్లోనే నిలబెడతా. మీ అక్కకు గూడా చెప్పు, నిద్ర లేపొద్దని. నీ చలి తీరినంక రా.

తిన్న్యావా?

మీ అత్త,
లక్ష్మీదేవమ్మ