పై వాటాలో పోయిందెవరు

ఇంటి ఓనరమ్మగారికి పై వాటా గడియారాల అమ్మాయి నమస్కారాలు.

ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. పోయిన ఆదివారం ఆయన నన్ను విడిచి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళుగా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది కాబట్టి ప్రశాంతంగానే జరిగింది. మెట్ల మీంచి దించేటప్పుడు మాత్రం నలుగురు స్నేహితులూ బాగా అవస్థ పడ్డారు. అద్దె కాగితం ఆయన పేరు మీదే ఉంది కదా, నేను ఇక్కడే ఉండొచ్చా?

ఇట్లు, గడియారాల అమ్మాయి.

తా.క. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. మీరు పంపే పెద్దాయనకి ఒక్క మాట చెప్పండి.

* * *

చిరంజీవి గడియారాల అమ్మాయికి ఆశీస్సులు. (చేతి అలవాటున ‘సౌభాగ్యవతి’ అని రాసి, గుర్తొచ్చి కొట్టేశాను. ఏమీ అనుకోకు.)

ఉత్తరం చదివి కూలబడ్డాను. నిండా నలభై లేవు, ఏం తొందరొచ్చిందమ్మా ఆయనకి? ఇంటి గురించి బెంగ పెట్టుకోకు. భర్త పోతే కాగితం భార్య పేరుకి మారుతుంది. మరణ ధ్రువపత్రం ఒక్కటి పంపు. ఈ సమయంలో అడగడం నాకూ బాధే, కానీ అడక్కపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

ఇట్లు, ఇంటావిడ.

తా.క. ఆయన చెప్పులు కనపడకుండా దాచెయ్యి. చూస్తే దుఃఖం ఆగదు.

* * *

ఓనరమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పోస్టుమాన్ దగ్గర అందుకున్నది ఆయనే. చెప్పులు మర్చిపోయి, వాటికోసం వచ్చారు. కవరు మీద ‘స్వర్గీయులవారి ఇల్లాలికి’ అని చూసి మెట్ల మీదే కూర్చుని చదువుకున్నారు.

ఆయన నిక్షేపంలా ఉన్నారు. పక్క వీధిలో గది తీసుకున్నారు. మేం విడిపోయాం, అంతే. ఆ నలుగురూ దించింది ఆయన పుస్తకాల బీరువాని.

ఇంకో మాట. దాచొచ్చు గానీ మనసొప్పడం లేదు. మాకు పెళ్ళి కాలేదు. మీరు అడగలేదు, మేం చెప్పలేదు.

ఇట్లు, గడియారాల అమ్మాయి.

తా.క. ధ్రువపత్రం గురించి ఆయన్ని అడిగాను. ప్రస్తుతానికి వీలుపడదన్నారు.

* * *

గడియారాల అమ్మాయికి. (ఆశీస్సులా, అక్షింతలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.)

మనిషి బతికున్నందుకు సంతోషమే, కానీ నీకు చిక్కు తెచ్చిపెట్టాడు. మొగుడు పోయి ఉంటే ఇల్లు నీది. విడాకులైతే కోర్టు ఏదో ఒకటి చెప్పేది. పెళ్ళే లేదంటే, కాగితం దృష్టిలో నువ్వు ఆరేళ్ళుగా కూర్చున్న చుట్టానివి. పిలిచినవాడు వెళ్ళాక చుట్టమూ లేవాలి. ఆ నియమం నేను పెట్టింది కాదు. నాలుగు రోజులు ఆలోచించుకోనీ.

ఇట్లు, ఇంటావిడ.

తా.క. నీ నిజాయితీ తగలెయ్య, ఒక్క వారం ఆగలేకపోయావా?

* * *

ఓనరమ్మగారికి నమస్కారాలు.

తనకి ఈ వాటా వద్దని ఆయన రాసిచ్చిన చీటీ జతచేశాను. ఆయన వద్దన్నంత మాత్రాన నాదైపోదని తెలుసు. నాకు కావలసింది తూర్పు కిటికీ. పొద్దుటి వెలుగులో, నేను బాగుచేసే గడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగు కూడా దాని కింద స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన వెళ్ళాక రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు నా బల్లని కిటికీ వైపు జానెడు జరుపుకున్నాను. అప్పట్నుంచి హాయిగా ఉంది. ఇక్కణ్ణుంచి లేవమంటే మాత్రం మళ్ళీ ఏడుపొస్తుంది.

ఇట్లు, గడియారాల అమ్మాయి.

తా.క. పెద్దాయన కుళాయి బాగుచేశారు. వంటింటి నేలలో ఏ పలక వదులుగా ఉందో చూడకుండానే చెప్పారు. మీరెలా ఉన్నారని మూడుసార్లు అడిగారు.

* * *

చిరంజీవి గడియారాల అమ్మాయికి నిండు ఆశీస్సులు.

కొత్త అద్దె కాగితం నీ ఒక్కదాని పేరు మీదే రాశాను. సంతకం పెట్టి పంపు, బల్ల ఇంకో జానెడు జరుపుకో.

ముప్పై ఏళ్ళ కిందట ఆ వాటాలో నేనూ అద్దెకే ఉండేదాన్ని. కాగితం నాతో ఉన్నాయన పేరు మీద. మాకూ పెళ్ళి కాలేదు. ఆయన పెట్టె సర్దుకున్నాక, అప్పటి ఓనరుకి అచ్చం నీలాగే రాశాను, ‘ఆయన నన్ను విడిచి వెళ్ళిపోయారు’ అని. ఓనరు పాపం నాలుగు పేజీల ఓదార్పు రాసి, ఏ పత్రమూ అడక్కుండా కాగితం నా పేరుకి మార్చేశాడు. తర్వాత ఇల్లే నాకు అమ్మాడు. నువ్వు దిద్దిన మాట నేను దిద్దలేదు. నీ ఉత్తరం చదివి సిగ్గేసింది.

ఇట్లు, నీ ఇంటావిడ.

తా.క. ఆ పలక పెట్టింది ఆయనే. కుళాయి కారితే మళ్ళీ పంపుతాను. పాత ఓనరు ఇప్పటికీ మీ వీధి చివరే ఉంటాడు, కాబట్టి వచ్చేటప్పుడు సందులోంచి రమ్మను. పోయిన మనిషి పానా పట్టుకుని ఎదురైతే ఆ ముసలాయన తట్టుకోలేడు.