గిన్నెడా, దోసిలెడా?

ఆత్మకూరు, 4-5-1952, ఆదివారం

దాహమని వచ్చిన మనిషికి నీళ్లు దేనిలో ఇస్తావు? చెప్పు. బైబిలు చంకలో పెట్టుకున్నవాడా, నిన్నే.

ఈరోజు ఆరాధనకు పోలేరమ్మ వచ్చింది. పెన్న ఒడ్డున చేపలు పట్టుకొని బతికే యానాది ముసలామె. మూడు నెలలుగా వాక్యం వింటున్నది. ఇరవై అయిదో తేదీన బాప్తిస్మం. ఎండలో నడిచి నడిచి వచ్చి, మందిరం గుమ్మంలో నీళ్లు అడిగింది. సంఘపెద్ద ఓబులయ్య చెంబు ఎత్తి ఆమె దోసిట్లో పోశాడు. చెంబు ఆమె చేతికి తగలకుండా ఎంత ఎత్తున పట్టుకున్నాడో! సగం నీళ్లు మోచేతుల మీదుగా కారి మట్టిపాలు.

ఏందిరా ఇది అని అడిగాను. ముందు ఆ పోలేరమ్మ అనే పేరు మార్చుకోమను, తర్వాత చెంబు సంగతి చూద్దాం అన్నాడు. నీ పేరులో ఉండే ఓబులేశుడు ఎప్పుడు మారుమనస్సు పొందినాడురా అన్నాను. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. వాడు నవ్వలేదు.

పెద్ద కులాల ఇళ్ల ముందు మనకూ ఇట్లాగే పోశారు. అది మరిచిన నోటితో స్తోత్రాలు!

9-5, శుక్రవారం

ఓబులయ్య ఎదురొస్తే పక్క సందులోకి తిరిగాను.

ఉదయగిరి, 14-5, బుధవారం

మీటింగులో, చిన్నవారికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు ఫలం పోగొట్టుకోడనే వాక్యం మీద గంటన్నర బోధించాను. ఓబులయ్యను పేరు చెప్పకుండానే ఉతికేశాను. ఆమెన్, ఆమెన్ అన్నారు. గొంతు బొంగురుపోయింది. నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఆత్మకూరు, 17-5, శనివారం

ఎట్లా రాయాలి?

మధ్యాహ్నం పోలేరమ్మ మా ఇంటికి వచ్చింది. నీళ్లు అడిగింది. చెంబు నేనే తెచ్చాను. ఆమె దోసిలి పట్టింది. పోశాను. ఎత్తి పోశాను.

తాగి, మూతి తుడుచుకొని, అయ్యా, నాకు చదువు రాదు, ఉదయగిరిలో నువ్వు చెప్పినావంటనే, ఆ నీళ్ల వాక్యంలో గిన్నెడు అని ఉండాదా, దోసిలెడు అని ఉండాదా అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

గిన్నెడు అన్నాను.

ఓహో అని వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లకు అక్షరాలు దిద్దినవాణ్ణి. ఆ మాటను వేలు పెట్టి వందసార్లు చదివాను. గిన్నె ఒక్కసారీ కనబడలేదు. ఊరూరా తిరిగి అరుస్తావే, ఇంట్లో ఏడు గిన్నెలుండాయి, ఒకటన్నా నీ చేతికి రాలేదా అన్నది నా భార్య కామమ్మ.

ఓబులయ్య నయం. వాడు బోధించడు. థూ, నా బతుకు.

25-5, ఆదివారం, ఉదయం

పెన్న మడుగు దగ్గర పాస్టరుగారు నడుములోతు నీళ్లలో నిలబడి ఎదురుచూశారు. పోలేరమ్మ రాలేదు. నేను ముందే చెప్పలేదా అన్నాడు ఓబులయ్య.

అదే రోజు, పన్నెండు గంటలు

ఆమె గుడిసెకు పోవాలి. బోధించడానికి కాదు. దాహమని చెప్పాలి. ఆమె గిన్నెలో, ఆమె చేత్తో ఇచ్చిన నీళ్లు తాగాలి.

ఎండ తగ్గనీ అంటావా? లే. చెప్పులు వెతక్కు. ఈరోజే, ఇప్పుడే పో.