వీసాకి పడని వేలిముద్రలు

చెల్లీ,

నిన్ను లండన్‌లో సమాధి చేసి రేపటికి ఏడాది. ఆ సమాధి చూడాలని, వీసా కోసం నిన్న సత్తెనపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లాను. పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు, మీ సంఘం పాస్టరు గారి ఉత్తరం అన్నీ సరిపోయాయి. వేలిముద్రలే పడలేదు. ముప్పై ఏళ్లుగా మిరపకాయల తొడిమలు తీసిన వేళ్లు కదా, గీతలు అరిగిపోయాయి.

"పది రోజులు పని మానేసి రండమ్మా," అంది అక్కడి అమ్మాయి.

"కాయ కుప్పలుగా పడుంటే మానేస్తానంటావేంటి?" అని ఇవాళ మేస్త్రి కేకలేశాడు.

"మా చెల్లిని చూసొచ్చాక ఎన్నైనా తీస్తా," అన్నాను.

చేతుల మంటకని నువ్వు పంపిన క్రీము, వాడితే అయిపోతుందని ఇన్నాళ్లూ బీరువాలో దాచాను. ఇందాకే మూత తీశాను. మూడు పూటలా రాస్తాను. గీతలెందుకు రావో చూస్తాను.

మీ అక్క